గోడ మనది, బిల్లు వారిది

మన రెండు తెలుగు రాష్ట్రాలలో ఏ పట్టణానికైనా వెళ్ళి, ఇటీవల కట్టిన ఒక ప్రభుత్వ భవనం ముందు నిలబడండి. అది బడి కావచ్చు, ఆసుపత్రి కావచ్చు, మండల కార్యాలయం కావచ్చు. గేటు పక్కన శిలాఫలకం ఉంటుంది. దానిమీద మంత్రిగారి పేరు, శాసనసభ్యుని పేరు, అంచనా వ్యయం, కొన్ని చోట్ల కాంట్రాక్టరు పేరు కూడా ఉంటాయి. ఆ భవనానికి సెంట్రింగు బిగించినవాడు, ఇనుము కట్టినవాడు, గ్రిల్లులకు వెల్డింగు చేసినవాడు, వైరింగు లాగినవాడు, రంగులు వేసినవాడు ఎవరో ఆ ఫలకం చెప్పదు. మన మొహల్లాలకు వచ్చి అడిగితే చెబుతారు.

నేను మూడు దశాబ్దాలకు పైగా ఒక ఇంజనీరింగు శాఖ డివిజను కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి విరమించినవాడిని. ఎస్టిమేట్లు, టెండరు ఫైళ్ళు, అగ్రిమెంట్లు, బిల్లులు నా బల్లమీదుగా వెళ్ళాయి. ఆ కాగితాలలో మనవారి పేర్లు ఎంత అరుదుగా కనిపించేవో, ఆ పనులు జరిగే చోటికి వెళితే మనవారి ముఖాలు అంత తరచుగా కనిపించేవి. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసానికి కారణం.

ఒక సంఘటన చెప్పక తప్పదు. 1990ల చివరి సంవత్సరాలలో ఒక మేస్త్రీ మా కార్యాలయానికి వచ్చాడు. మా మొహల్లాలో అందరికీ ఆయన చాచా. ఒక పాఠశాల భవనంలో గోడలు, స్లాబు, ప్లాస్టరింగు మొత్తం ఆయన ముఠాయే చేసింది. ప్రధాన కాంట్రాక్టరుతో ఒప్పందం నోటిమాట. పని పూర్తయి ఏడాది దాటింది, రావలసిన దానిలో మూడో వంతు ఇంకా రాలేదు. అడిగితే ప్రభుత్వం నుంచి తనకు ఫైనలు బిల్లు రాలేదని కాంట్రాక్టరు చెబుతున్నాడట. చాచా నా బల్ల ముందు కూర్చుని, "బేటా, ఆ ఫైలు తీసి చూడు. నా పేరు ఎక్కడో ఒకచోట రాసే ఉంటారు కదా" అన్నాడు.

ఫైలు తీయవలసిన అవసరం నాకు లేదు. ఆ ఫైనలు బిల్లును ఎనిమిది నెలల ముందు నేనే నా చేతితో రాశాను. సొమ్ము ముట్టి ఎనిమిది నెలలైంది. ఫైలులో చాచా పేరు ఎక్కడా లేదు. ఎం.బుక్కులో ఆయన కట్టిన గోడల పొడవు, వెడల్పు, ఎత్తు అంగుళం పోకుండా ఉన్నాయి, వాటిని కట్టిన మనిషి మాత్రం లేడు. ఆయన కూలీలకు అప్పు చేసి చెల్లించాడు, ఆ అప్పు తీర్చడానికి ఇంటి వెనుక స్థలం అమ్మాడు. నేను ఉద్యోగ నియమాల చాటున నిలబడి "నాకు తెలియదు చాచా, ఆఫీసరుగారిని అడగండి" అన్నాను. ఆ మాట అబద్ధం. ఆ అబద్ధానికి ప్రాయశ్చిత్తంగానే ఇవాళ కలం పట్టానని పాఠకులు అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

అసలు ఈ రెండు స్థానాల మధ్య తేడా ఏమిటి? ప్రధాన కాంట్రాక్టరు ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంటాడు. టెండరు వేస్తాడు, ధరావతు కడతాడు, గడువుకు, నాణ్యతకు బాధ్యత వహిస్తాడు. ఆలస్యమైతే జరిమానా ఆయనదే, బిల్లు వస్తే హక్కు ఆయనదే. సబ్ కాంట్రాక్టరు ఆ ప్రధాన కాంట్రాక్టరుతో మాత్రమే ఒప్పందం చేసుకుంటాడు. చట్టం దృష్టిలో ప్రభుత్వానికీ ఆయనకూ మధ్య ఏ ఒప్పందమూ లేదు. కనుక సొమ్ము రాకపోతే ప్రభుత్వాన్ని నిలదీసే హక్కు సాధారణంగా ఆయనకు ఉండదు. ప్రధాన కాంట్రాక్టరుమీద దావా వేయాలి. వేయాలంటే రాతపూర్వకమైన ఆధారం కావాలి. అదీ 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం పని పూర్తయిన నాటినుంచి మామూలుగా మూడేళ్ళలోపు కావాలి. మన మేస్త్రీలలో ఎక్కువమంది ఆ మూడేళ్ళను "రేపిస్తాను, ఎల్లుండిస్తాను" అన్న మాటలు నమ్మి గడిపేస్తారు.

సొమ్ము కన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది, అది అనుభవం. ప్రభుత్వ పనికి టెండరు వేయాలంటే ఇంతకుముందు అటువంటి పని చేసినట్టు ధ్రువపత్రం చూపాలి. మన రాష్ట్రాల టెండరు షెడ్యూళ్ళలో నేను ఎన్నోసార్లు టైపు చేసిన ఒక నిబంధన ఉంది. సబ్ కాంట్రాక్టరుగా గాని, జీపీఏ హోల్డరుగా గాని చేసిన పని అర్హతకు లెక్కలోకి రాదన్నది దాని సారాంశం. ఇరవై ఏళ్ళు స్లాబులు వేసినవాడు ఆ నిబంధన ముందు అనుభవం లేనివాడు. ఆయన చేత స్లాబులు వేయించి, తాను కారు దిగకుండా చూసి వెళ్ళినవాడు అనుభవజ్ఞుడు. పని ఒకరిది, పని చేసిన కీర్తి మరొకరిది. ఈ నిబంధన చేతకాని కాంట్రాక్టర్లను ఏరివేయడానికి పుట్టిందని నాకు తెలుసు. ఆచరణలో అది చేతనైనవారిని శాశ్వతంగా కిందిమెట్టుమీద నిలిపే సాధనమైంది.

ఇక్కడ మన సముదాయంలో రెండు వాదనలు వినిపిస్తాయి. రెండింటితోనూ నాకు పేచీ ఉంది.

మొదటి వాదన పెద్దలది. "ఈ కాంట్రాక్టుల లోకమే లంచాల లోకం, వడ్డీల లోకం. మనకెందుకు? అల్లాహ్ ఇచ్చిన చేతిపని ఉంది, హలాలుగా నాలుగు రూపాయలు వస్తున్నాయి, చాలు" అంటారు. వారి భయభక్తులను గౌరవిస్తాను. కాని ఒక ప్రశ్న వేస్తాను. పైవాడు లంచమిచ్చి తెచ్చుకున్న పనిలో కింద నిలబడి స్లాబు వేస్తే ఆ మురికి మనకు అంటదా? ఆ లంచం మొత్తం ఎవరి రేటులోంచి కోతపడుతోంది? టెండరును 20 శాతం లెస్సుకు వేసి, పై ఖర్చులన్నీ భరించి, తన లాభం తాను ఉంచుకున్న కాంట్రాక్టరు ఆ కోతనంతా చివరికి మేస్త్రీ చదరపు అడుగు రేటుమీదనే రుద్దుతాడు. దూరంగా ఉన్నంతమాత్రాన మనం శుద్ధులం కాము, మౌనంగా మూల్యం చెల్లించేవారం మాత్రమే అవుతాము. ఇక రాతపని మాటకొస్తే, ఖుర్ఆన్‌లో అన్నింటికన్నా పొడవైన ఆయతు, అల్ బఖరా సూరాలోని 282వది, అప్పు వ్యవహారాలను సాక్షులతో సహా రాసుకోవాలని ఆదేశిస్తున్నది. నమాజు తప్పనివాడు కూడా ఈ ఆదేశాన్ని "మనవాడే కదా, కాగితమెందుకు" అని ఇంత సులువుగా తప్పుతున్నాడంటే, తప్పు కాంట్రాక్టుల లోకంలోనే ఉందని ఎలా అనగలం?

రెండవ వాదన కుర్రవారిది. "సబ్ కాంట్రాక్టు అంటే బానిసత్వం. చేస్తే ప్రధాన కాంట్రాక్టే చేయాలి, లేదా మానుకోవాలి" అంటారు. వారి రోషం నాకు నచ్చుతుంది, వారి లెక్క నచ్చదు. ప్రధాన కాంట్రాక్టరు సిమెంటు, ఇనుము ముందుగా కొనాలి. కూలీలకు వారం వారం చెల్లించాలి. బిల్లు మాత్రం ప్రభుత్వం దగ్గర నిధులున్నప్పుడే వస్తుంది. అది కూడా ఆదాయపు పన్ను కోత, రెండున్నర లక్షలు దాటిన ఒప్పందమైతే 2 శాతం జీఎస్టీ కోత, డిపాజిట్ల నిలుపుదల అయ్యాకే చేతికందుతుంది. బిల్లులు ఏళ్ళ తరబడి ఆగి ఆస్తులు అమ్ముకున్న చిన్న కాంట్రాక్టర్లను ఈ రెండు రాష్ట్రాలలోనూ చూశాం. మూలధనం లేకుండా ఉత్సాహంతో దూకినవాడు మొదటి పనిలోనే మునుగుతాడు.

కనుక నా వాదన ఇది. మనం రెండు కాళ్ళమీద నిలబడాలి. ఒకే సంస్థ కొన్ని పనులలో ప్రధాన కాంట్రాక్టరుగా, మరికొన్ని పనులలో సబ్ కాంట్రాక్టరుగా ఉండడం వింతా కాదు, తప్పూ కాదు. పేరుమోసిన నిర్మాణ సంస్థలు కూడా ఒకచోట తాము పని తెచ్చుకుని, మరొకచోట ఇతరుల పనిలో భాగం పుచ్చుకుంటాయి. సబ్ కాంట్రాక్టు పొయ్యిలో నిప్పు ఆరకుండా చూస్తుంది. పెద్ద పనుల పద్ధతులు, యంత్రాలు, నాణ్యతా పరీక్షలు నేర్పుతుంది. చిన్నదైనా సరే సొంతంగా చేసిన ప్రధాన కాంట్రాక్టు, ఒక ప్రహరీ గోడో, ఒక సీసీ రోడ్డో, ఒక వసతిగృహం మరమ్మతో, మన పేరుమీద అనుభవ ధ్రువపత్రం తెస్తుంది. మొదటిది లేకుండా రెండవది ఆకలి, రెండవది లేకుండా మొదటిది అజ్ఞాతవాసం.

అయితే రెండు పాత్రలు ధరించేవాడికి రెండింతల జాగ్రత్త కావాలి. సబ్ కాంట్రాక్టుకు కాగితం లేనిదే తట్ట ఎత్తకూడదు. పని పరిమాణం, రేటు, కొలతలు ఎవరు తీస్తారు, ఎన్ని రోజుల్లో చెల్లిస్తారు, నిలిపి ఉంచిన సొమ్ము ఎప్పుడు విడుదలవుతుంది అన్న అయిదు మాటలు ఒక్క పేజీలో రాసి ఇద్దరూ సంతకం చేసినా చాలు. సొమ్ము బ్యాంకు ఖాతాలోకే రావాలి. నగదులో రెండు వేలు ఎక్కువిస్తానన్నా వద్దనాలి. కాంట్రాక్టరు పన్ను మినహాయించి చెల్లిస్తే ఆ వివరం మన పాన్ నంబరుమీద నమోదవుతుంది. ఆ ఒక్క శాతం కోత చూసి విసుక్కునేవారున్నారు. అది మనం పనిచేశామనడానికి ప్రభుత్వ దస్తావేజులలో మిగిలే సాక్ష్యమని వారు గ్రహించాలి. చాచాకు ఆ సాక్ష్యం కూడా లేకపోయింది.

ఉద్యం నమోదు ఉచితం, ఆధార్, పాన్ ఉంటే ఇంటినుంచే చేసుకోవచ్చు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. మించితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున చక్రవడ్డీ పడుతుంది. ఆ వడ్డీ పుచ్చుకోవాలా వద్దా అన్నది ఎవరి ధర్మనిష్ఠ వారిది, కాని అసలు రాబట్టుకోవడానికి ఆ చట్టం కింద ప్రత్యేక మండలి ఉందన్న సంగతి తెలిసి ఉండాలి. నిర్మాణ కాంట్రాక్టులకు ఈ చట్టం వర్తిస్తుందా అన్నదానిపై న్యాయస్థానాలలో వివాదాలున్నాయి. వెల్డింగు గ్రిల్లులు, తలుపులు, ఫర్నిచరు తయారుచేసి సరఫరా చేసే మన కార్ఖానాలకు మాత్రం ఇది బలమైన ఆయుధం.

ఒకే టెండరులో మనం సొంతంగా దరఖాస్తు వేస్తూ, అదే టెండరులో మరొకరి సబ్ కాంట్రాక్టరుగా పేరు ఇవ్వకూడదు. అనేక టెండరు పత్రాలు దీనిని ప్రయోజనాల సంఘర్షణగా పరిగణించి అనర్హులను చేస్తాయి. అంతకన్నా ప్రమాదకరమైనది డమ్మీ టెండరు. "రేపటి సబ్ కాంట్రాక్టు నీకే ఇస్తాను, ఇవాళ నా టెండరుకు తోడుగా ఎక్కువ రేటుకు ఒకటి వేయి" అని పెద్ద కాంట్రాక్టరు అడుగుతాడు. రింగు కావడమని మన వాడుకలో నవ్వుతూ చెప్పుకునే ఈ పని 2002 నాటి పోటీ చట్టం కింద నేరుగా ఉల్లంఘన. పట్టుబడినప్పుడు పెద్దవాడికి వకీళ్ళుంటారు, బ్లాకులిస్టులో మిగిలేది చిన్నవాడి పేరు.

ఇప్పుడు మనమీద మనమే వేసుకోవలసిన నింద ఒకటుంది. 2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ నామినేషను పనులలోను, సేవా కాంట్రాక్టులలోను ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు కలిపి 50 శాతం కేటాయిస్తూ చట్టం చేసింది. మంచిదే. అటువంటి అవకాశం వచ్చినచోట మనవారు కొందరు ఏం చేస్తున్నారు? లైసెన్సు మన పేరు, పని మరొకరిది. బిల్లులో రెండు శాతమో, మూడు శాతమో కమీషను పుచ్చుకుని సంతకాలు పెట్టి ఇంట్లో కూర్చుంటున్నారు. చాచా కథలో పని మనది, పేరు వారిది. ఈ కథలో పేరు మనది, పని వారిది. రెండు కథలలోనూ లాభం ఒకేచోటికి చేరుతోంది. పేరును అద్దెకిచ్చినవాడు రేపు ఆ పని కూలితే జైలుకు తానే వెళతాడు. అంతకన్నా ఘోరం, "చూశారా, కేటాయించినా వీరు చేయలేరు" అన్న మాటకు సముదాయమంతటినీ అప్పగిస్తాడు. ఇది హక్కును వినియోగించుకోవడం కాదు, హక్కును అమ్ముకోవడం.

రాజ్యం వైపు తిరుగుదాం. 2025 మార్చిలో కర్ణాటక శాసనసభ ప్రభుత్వ కొనుగోళ్ళ పారదర్శకత చట్టానికి సవరణ ఆమోదించింది. రెండు కోట్ల రూపాయల లోపు పనులలోను, కోటి రూపాయల లోపు వస్తు సేవల కొనుగోళ్ళలోను 2బీ వర్గానికి, అంటే ముస్లిములకు, 4 శాతం కేటాయించడం అందులో ఒక భాగం. ఎస్సీలకు, ఎస్టీలకు, 1వ, 2ఏ వెనుకబడిన వర్గాలకు అటువంటి కేటాయింపు అప్పటికే ఉంది. 2బీ చేర్చగానే దేశమంతటా గగ్గోలు పుట్టింది. మతం ఆధారంగా కేటాయింపు రాజ్యాంగ విరుద్ధమన్న అభ్యంతరంతో గవర్నరు ఏప్రిల్‌లో ఆ బిల్లును రాష్ట్రపతి పరిశీలనకు నిలిపారు.

ఆ అభ్యంతరాన్ని తేలికగా కొట్టిపారేయను. మతం ఒక్కటే ప్రాతిపదిక అయితే రాజ్యాంగం ఒప్పుకోదు. కాని అడిగేది మతానికి కాదు, వెనుకబాటుకు. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ముస్లిములు ప్రభుత్వోద్యోగాలలో ఎంత తక్కువో, స్వయం ఉపాధిమీద ఎంత ఎక్కువగా ఆధారపడ్డారో, బ్యాంకు రుణాలు వారికి ఎంత అరుదుగా అందుతాయో లెక్కలతో చూపింది. ఉద్యోగం లేనివాడు చేతిపని పట్టాడు, అప్పు దొరకనివాడు కింది మెట్టున ఆగాడు. ఈ వరుసలో మతం ఎక్కడుంది? మన రాష్ట్రాలలోనే 2007 చట్టం కింద బీసీ-ఇ వర్గాన్ని సామాజిక, విద్యా వెనుకబాటు ప్రాతిపదికన గుర్తించి విద్య, ఉద్యోగాలలో 4 శాతం ఇచ్చారు. దూదేకుల సోదరులు బీసీ-బీలో ఉన్నారు. తరగతి గదికి వర్తించే వెనుకబాటు టెండరు పెట్టెకు వర్తించదా? కేంద్రం సూక్ష్మ, చిన్న సంస్థలనుంచి తప్పనిసరిగా జరపవలసిన 25 శాతం కొనుగోళ్ళలో ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికులకు 4 శాతం, మహిళలకు 3 శాతం ఉపలక్ష్యం పెట్టింది. ఆ కేటాయింపు న్యాయమైనది, దానిలో ఒక్క పైసా మనకు వద్దు. వెనుకబడిన మైనారిటీ చేతివృత్తులవారికి ఆ పట్టికలో ఒక గడి ఎందుకు లేదన్నదే ప్రశ్న.

కేటాయింపు రావడానికి ఏళ్ళు పట్టవచ్చు, రాకపోనూ వచ్చు. ఏ కేటాయింపూ అవసరం లేని, ఏ మతంవారికీ అభ్యంతరం ఉండని సంస్కరణలు కొన్ని ఉన్నాయి. అవి కలంపోటుతో చేయదగినవి. ప్రతి పనిలోను సబ్ కాంట్రాక్టర్ల పేర్లు డివిజను కార్యాలయంలో నమోదు కావాలి. వారికి బకాయి లేదన్న పత్రం దాఖలైన తరువాతనే ప్రధాన కాంట్రాక్టరు ఫైనలు బిల్లు చెల్లించాలి. కార్మికుని కూలి విషయంలో ఈ సూత్రం కొత్తది కాదు. కాంట్రాక్టరు ఎగవేస్తే ప్రధాన యజమాని చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టమే చెప్పింది. ఆ రక్షణను చిన్న మేస్త్రీకి పొడిగించమంటున్నాం. నమోదైన సబ్ కాంట్రాక్టరుకు, అతడు చేసిన పని విలువమేరకు ఇంజనీరు సంతకంతో అనుభవ ధ్రువపత్రం ఇవ్వాలి, దానిని చిన్న టెండర్లలోనైనా అర్హతగా లెక్కించాలి. చిన్న పనులన్నింటినీ కట్టగట్టి ఒకే పెద్ద ప్యాకేజీగా పిలిచే పద్ధతి మానాలి. ఈ నాలుగు చేస్తే లాభపడేది ముస్లిం మేస్త్రీ ఒక్కడే కాదు. వడ్డెర సోదరుడు, దళిత సోదరుడు, విశ్వబ్రాహ్మణ వడ్రంగి, అందరూ ఆ స్లాబు కిందే ఉన్నారు.

మన వంతు కూడా ఉంది. మసీదు కమిటీలు, సంక్షేమ సంఘాలు ఏటా ఇఫ్తార్ విందులకు వెచ్చించే శ్రద్ధలో కొంత ఇటు మళ్ళించాలి. నలుగురు మేస్త్రీలు, ఒక ఎలక్ట్రీషియను, ఒక డిప్లొమా చదివిన కుర్రవాడు కలిసి భాగస్వామ్య సంస్థ పెట్టుకోవచ్చు. మూలధనానికి వడ్డీ అప్పే గతి కాదు. లాభనష్టాలు పంచుకునే ముషారకా పద్ధతి మన పెద్దలకు తెలియనిది కాదు. గల్ఫ్‌నుంచి తిరిగివచ్చినవారి పొదుపు ప్లాట్లలో నిద్రపోతున్నది, దానిని మేల్కొలపవచ్చు. ఒక్క హెచ్చరిక మాత్రం చేస్తాను. రేపు మనవాడు ప్రధాన కాంట్రాక్టరైనప్పుడు, అతని కింద కూడా ఒక మేస్త్రీ ఉంటాడు. అతని సొమ్ము ఆపితే, చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవక్త (స) బోధను ఏ వేదికమీద చెప్పుకునే అర్హతా మనకు ఉండదు. రెండు స్థానాలలో నిలబడినవాడికి రెండు బాధలూ తెలిసి ఉండాలి.

చాచా ఇప్పుడు లేరు. ఆయన మనుమడు ఐటీఐ చదివి ఎలక్ట్రికల్ పనులు చేస్తున్నాడు. నేను అసర్ నమాజు తరువాత మసీదు వరండాలో కాసేపు కూర్చుంటున్నాను. వచ్చినవారికి ఉద్యం నమోదు, సబ్ కాంట్రాక్టు ఒప్పందం, కాంట్రాక్టరు లైసెన్సు దరఖాస్తు రాసిపెడుతున్నాను. ఆ కుర్రవాడు మొన్న ఒక ప్రభుత్వ వసతిగృహం వైరింగు పనికి తన మొదటి రాతపూర్వక ఒప్పందం తెచ్చి చూపించాడు. ఇద్దరి సంతకాలున్నాయి, రేటు ఉంది, గడువు ఉంది. అదే వారంలో తన సొంత పేరుమీద లైసెన్సు దరఖాస్తు కూడా పెట్టాడు.

ప్రతి మొహల్లాలోను నావంటి విశ్రాంత గుమాస్తా ఒకడైనా ఉంటాడు. ఫైళ్ళు ఎలా నడుస్తాయో అతనికి తెలుసు. సోదరులారా, ఆ తెలివిని ఇంట్లో దాచుకోకండి. మనం రాసిన బిల్లులలో మనవారి పేర్లు లేకపోవడానికి మన మౌనం కూడా ఒక కారణం. గోడ మనది. దానికి రాసే కాగితంమీద కూడా మన పేరు ఉండాలి.